పూవు ముద్రకు, పేరు చేతికి

(ఉగాది పండుగకు ముందు నౌబాద్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "పంచాంగం చదవడానికి శాస్త్రిగారున్నారు, పద్యాలు చదవడానికి కవులున్నారు, నేనేమి చెప్పగలను?" అన్నాను. "మీరు ఏటా ఉగాదికి పంపే పూల కార్డు ఎలా చేస్తారో చెప్పండి, అది చాలు" అన్నారు. ఒక కార్డు చేయడం ఉపన్యాసానికి తగిన విషయమా అని మొదట సంకోచించాను. ఆలోచించిన మీదట, పుట్టిన ఊరు ఒకచోట, ఉన్న ఊరు ఒకచోట అయిన మనబోటి వారికి ఇది అంత చిన్న విషయం కాదనిపించింది. అందుచేత నా బిస్కట్ల డబ్బా వెంట తెచ్చుకున్నాను. రబ్బరు ముద్రలు, సిరా ప్యాడ్లు, కాగితాలు అన్నీ ఇందులోనే ఉన్నవి. ప్రసంగం అయిన తరువాత పిల్లలు వీటిని తాకి చూడవచ్చును. అంతవరకు దయచేసి ఓపిక పట్టాలి.

ముందుగా ఈ కార్డు పుట్టుకను గురించి రెండు మాటలు. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఉద్యోగి, క్రిస్మసు పండుగకు మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక బొమ్మ వేయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చు కొట్టించాడు. అమ్మకానికి వచ్చిన అచ్చు పండుగ కార్డులలో మొదటిదిగా దానినే చెబుతారు. అంటే, తీరిక లేకపోవడం వల్ల పుట్టిన వస్తువన్నమాట! అయినా ఆ కార్డులో పైన 'ఫలానా వారికి' అనీ, కింద 'ఫలానా వారి నుంచి' అనీ రెండుచోట్ల ఖాళీ విడిచిపెట్టారు. పేర్లు మాత్రం చేతితోనే రాయాలి. ఆ రెండు ఖాళీలను మీరు జ్ఞాపకం ఉంచుకోండి. నా ప్రసంగమంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఇక రబ్బరు సంగతి. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై ఏ పనికీ వచ్చేది కాదు. అందులో గంధకం కలిపి వేడిచేస్తే అది నిలకడ గల పదార్థమవుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. ఆ తరువాతనే రబ్బరును మూసలో నొక్కి అక్షరాలు తేల్చడం సాధ్యపడింది. మనకు రబ్బరు ముద్ర అనగానే కచేరీ బల్ల, గుమాస్తాగారు, ఊదారంగు సిరా గుర్తుకు వస్తాయి. అదే ముద్ర పూవును కూడా పూయిస్తుందంటే కొందరికి నమ్మకం కలగదు.

కాని అచ్చుమీద అచ్చు వేసి పూవును పూయించే విద్య మన తెలుగువారికి కొత్తది కాదు. మచిలీపట్నంలోను, పక్కనే ఉన్న పెడనలోను టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో కలంకారీ బట్టలు అద్దుతారు. అక్కడ ఒక పూవుకు ఒక అచ్చు కాదు. గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, ఇంకొక రంగుకు ఇంకొకటి. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో బట్టను ముందే తడిపి ఆరబెట్టాలి. మధ్య మధ్య ఉతకాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. మనం ఒక్క చూపులో చూసి ముచ్చటపడే పూవు, అద్దకంవారి చేతిలో రోజుల తరబడి పొరలు పొరలుగా విప్పుకుంటుంది.

మనం నివసించే బీదరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. జస్తులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రకు మైలుతుత్తపు నీళ్లు పూసి నల్లబరుస్తారు. ఆ నలుపుమీద పూలతీగె గీసి, ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి పొదిగి, నునుపు చేస్తారు. అన్నింటికీ చివర కోటలోని మట్టి, నవాసారం కలిపి రుద్దితే లోహం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. చూడండి, నలుపు రెండుసార్లు వచ్చింది. మొదటి నలుపు పనివానికి గీత కనిపించడానికి, చివరి నలుపు చూసేవారికి వెండి కనిపించడానికి. ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమం తెలియడమే ఆ పనిలో సగం. మన కార్డు పని దానిముందు పిల్లల ఆట. అయినా సూత్రం ఒక్కటే.

ఏ పూవు వేయాలి? దుకాణంలో దొరికే ముద్రలలో గులాబీలు, మనం ఎన్నడూ చూడని సీమ పూలు ఉంటాయి. ఉగాది కార్డుమీద ఉగాదినాటికి మన కంటికి కనిపించే పూవు ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. వేపపూవు తెల్లనిది, మరీ చిన్నది. తెల్లకాగితంమీద తేలదు. కాబట్టి చేయి తిరిగినవారికి దానిని విడిచిపెట్టి, మొదటిసారి చేసేవారు మోదుగుపూవు ఎన్నుకోండి. ఫాల్గుణ చైత్రాలలో ఈ ఎర్రమట్టి మెట్టలమీద మోదుగుచెట్టు నిలువునా రాజుకున్నట్లు పూస్తుంది. దానిని సంస్కృతంలో కింశుకమన్నారు, 'ఇది చిలుకా?' అని అనుమానం వచ్చేటట్లు దాని రేక చిలుకముక్కు మాదిరిగా వంగి ఉంటుంది గనుక. ఒక హెచ్చరిక. చాలామంది పూవు వేయగానే దాని వెనుక పచ్చని ఆకులు పెడతారు. మోదుగు పూచేనాటికి కొమ్మమీద ఆకు సాధారణంగా రాలిపోయి ఉంటుంది. విస్తళ్లు కుట్టిన చేతులకు ఈ సంగతి తెలుసు. ఆకుపచ్చ కావాలంటే కార్డు పైభాగాన మామిడితోరణం వేసుకోండి. పండుగకు అదీ కావలసినదే.

ఇప్పుడు పనిలోకి దిగుదాము. పిల్లలు చెరిపే రబ్బరు ముక్కలు, పెద్దవి, ఒకే కొలతవి మూడు తీసుకోండి. పలుచని కాగితంమీద మెత్తని పెన్సిలుతో పూవు గీసి, ఆ కాగితాన్ని రబ్బరుమీద బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ దానిమీదికి దిగుతుంది. మూడింటిమీదా అదే బొమ్మ, అదే స్థానంలో దింపాలి. కాని మూడింటినీ ఒకే విధంగా చెక్కకూడదు. మొదటిది నిండు ముద్ర. పూవు ఆకారమంతా ఉంచి, చుట్టూ ఉన్నది తీసివేయాలి. రెండవది నీడ ముద్ర. రేకుల మడతలలో, చిలుకముక్కు వంపు కింద, నీడ పడే చోట్లు మాత్రమే ఉంచాలి. మూడవది గీత ముద్ర. రేకుల అంచులు, పూవును పట్టుకొని ఉండే నల్లని తొడిమ గిన్నె, కొమ్మ గీత, ఇవి మాత్రమే ఉంచాలి. బ్లేడు పెద్దలు పట్టాలి. కోసేటప్పుడు బ్లేడు గీతనుంచి బయటికి వాలి ఉండాలి. గీత కిందికి తొలిచినట్లు కోస్తే నాలుగు నొక్కులకే గీత విరిగిపోతుంది. మూడు ముక్కలనూ ఒకే కొలత గల చెక్కముక్కలకు అంటించి, వెనుక 'పై' అని గుర్తు పెట్టుకోండి.

రంగులలో లేతది ముందు, ముదురుది తరువాత. ఇది మరువరాని నియమం. కాగితంలో ఇంకే సిరాలు పలుచని తెరల వంటివి. పసుపుమీద ఎరుపు వేస్తే రెండూ కలిసి నారింజ ఛాయ ఇస్తాయి, పూవుకు ప్రాణం వస్తుంది. ఎరుపుమీద పసుపు వేస్తే పసుపు కనపడదు, పైగా పసుపు ప్యాడు పాడవుతుంది. కనుక నిండు ముద్రకు పసుపుపచ్చ, నీడ ముద్రకు కుంకుమ రంగు, గీత ముద్రకు ముదురు గోధుమ లేదా నలుపు. ఒక రంగు ఆరిన తరువాతనే మరొకటి. నునుపు కాగితంమీద సిరా త్వరగా ఆరదు. కొంచెం గరుకైన, దళసరి కాగితం మేలు. ఏ-4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మధ్యకు మడిస్తే 14.8 సెంటీమీటర్ల పొడవు, 10.5 సెంటీమీటర్ల వెడల్పు గల కార్డు వస్తుంది. మడతచోట ముందు సిరాలేని బాల్‌పెన్నుతో గీత లాగి, ఆపైన మడిస్తే అంచు పగలదు.

మూడు ముద్రలూ ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవడం ఎట్లా? అందరూ ఓడిపోయేది ఇక్కడనే. దానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. కార్డు మూల ఆనుకోవడానికి బల్లమీద రెండు అట్టపట్టీలు మూలమట్టంగా అంటించండి. ముద్ర చెక్క ఆనుకోవడానికి ఇంకొక మూలమట్టం అట్టతో చేసి, దానిని పుస్తకం అట్టలాగా లేచి పడేటట్లు బల్లకు ఒక పక్క మాత్రం అంటించండి. అట్ట ఎత్తి కార్డు పెట్టడం, అట్ట దించి ముద్రను మూలకు ఆనించి నొక్కడం. అంతే. కార్డు తీసి ఆరబెట్టి మళ్లీ పెట్టినా, ముద్ర మొదటిచోటికే వస్తుంది. ఈ పద్ధతిలో ఒక సాయంకాలం ఇరవై కార్డులకు పసుపు, మరుసటి సాయంకాలం కుంకుమ, మూడవనాడు గీత వేసుకోవచ్చును. నొక్కేటప్పుడు కాగితం కింద నాలుగు మడతల వార్తాపత్రిక ఉండాలి. నిటారుగా నొక్కి, నిటారుగానే ఎత్తాలి. ముద్రను అటూ ఇటూ ఊపితే అంచున మరక పడుతుంది. నా మొదటి ఏటి కార్డులలో పూలన్నిటికీ మీసాలుండేవి!

ఒక్క పూవే కాక గుత్తి కావాలనుకుంటే, ముందున్న పూవును ముందుగా వేయాలి. తరువాత అదే పూవును పలుచని కాగితంమీద ముద్రించి, గీతకు వెంట్రుకవాసి లోపలగా కత్తిరించి, కార్డుమీది పూవుకు తొడుగులాగా కప్పాలి. దానిపైన రెండవ పూవు ముద్ర వేసి తొడుగు తీసివేస్తే, రెండవది మొదటిదాని వెనుక ఒదిగి కనిపిస్తుంది. దూరపు పూలకు ఇంకొక కిటుకు. సిరా పట్టిన ముద్రను ముందు చిత్తుకాగితంమీద ఒకసారి నొక్కి, మిగిలిన లేత సిరాతో కార్డుమీద వేయాలి. దగ్గరి పూవు నిండుగా, దూరపు పూవు పలుచగా ఉంటే కొమ్మకు లోతు వస్తుంది.

పొరలను నిజంగానే పైకి లేపాలని సరదాపడేవారు అదే పూవును విడి కాగితాలమీద మరి రెండుసార్లు ముద్రించాలి. ఒకదానినుంచి ముందు రేకులను, రెండవదానినుంచి చిలుకముక్కు రేకును మాత్రం కత్తిరించి, మధ్యలో చిన్న అట్టముక్కలు పెట్టి కార్డుమీది పూవుపై వరుసగా అంటిస్తే పూవు ఎత్తుగా నిలబడుతుంది. కాని అది చేతికి అందించే కార్డుకు మాత్రమే. తపాలా కార్యాలయంలో మన ముద్రమీద వారి ముద్ర పడుతుంది. ఆ దెబ్బకు మోదుగుపూవు తట్టుకోలేదు.

ఇంతవరకు చెప్పింది పూవు సంగతి. కార్డులో అది సగమే. రెండవ సగం మడత లోపల ఉన్నది. దానిని గురించి నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను.

మా పెద్దమ్మ నారాయణఖేడులో ఉండేది. 1956 నవంబరు 1వ తేదీకి ముందు నారాయణఖేడు, జహీరాబాదు తాలూకాలు బీదరు జిల్లాలోనివేనని ఇక్కడి పెద్దలకు తెలుసు. ఆనాడు ఒకే జిల్లాగా ఉన్నవి తరువాత రెండు రాష్ట్రాలైనవి. మేము ఇటు వచ్చాము, ఆమె అటే ఉండిపోయింది. కార్డులు చేయడం పట్టుబడిన ఏడు, నాకు కొంచెం గర్వం కలిగింది. 'ఉగాది శుభాకాంక్షలు' అని ముద్ర చేయించాను. నేనే చెక్కుదామని మొదట ప్రయత్నించి, బోర్లించడం మరచి, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్లు తిరగబడితే, సిగ్గుపడి దుకాణానికి వెళ్లాను. పనిలో పనిగా నా పేరు, మా ఆవిడ పేరు, ఊరు పేరు కూడా ముద్రలోనే చేయించాను. కవరుమీద చిరునామా తప్ప కలం పట్టవలసిన పని లేకుండా ఇరవై కార్డులు పంపివేశాను. పది రోజులకు పెద్దమ్మ నుంచి జాబు వచ్చింది. "పువ్వులు మంచిగున్నయి. నీ అక్షరం ఏది బిడ్డా?" అని రాసింది. ఇంకేమీ రాయలేదు.

అప్పుడు నాకు తోచిన సంగతి ఇది. ముద్ర ఉన్నది మళ్లీ మళ్లీ వచ్చేదానికోసం. మోదుగుపూవు ఏటా అదే పూవు, వేప ఏటా అదే చేదు. వాటిని ముద్రతో వేయడం తప్పు కాదు, అందమే. కాని సంవత్సరం పేరు అట్లా కాదు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లలో ఒక్కొక్కటి ఒక్క ఏడే ఉంటుంది. ఆ పేరుతో ముద్ర చేయిస్తే, పండుగ వెళ్లిన మరునాటినుంచి అది అరవై ఏళ్లు డబ్బాలో పడి ఉండాలి. ఎవరికి పంపుతున్నామో ఆ మనిషి కూడా అంతే. పెద్దమ్మ ఒక్కతే. ఆమె మోకాలినొప్పి ఆమెది, ఆమె కోడలి కాన్పు ఆ ఇంటిది. వాటిని అడగడానికి ముద్ర ఎక్కడ దొరుకుతుంది? అందుచేత నేనొక నియమం పెట్టుకున్నాను. పూవు ముద్రకు, పేరు చేతికి. సంవత్సరం పేరు, మనిషి పేరు, ఆ మనిషికి మాత్రమే చెందిన ఒక్క వాక్యం చేతితో రాయకుండా ఏ కార్డూ ఇల్లు కదలదు.

ఆ తరువాత ఆరు ఉగాదులకు పెద్దమ్మకు అట్లా రాశాను. ఏడవ ఉగాదికి ఆమె లేదు. దినాలకు వెళ్లినప్పుడు మా వదిన పెట్టెలోనుంచి నా కార్డుల కట్ట తీసి చేతిలో పెట్టింది. చేతితో రాసిన ఆరింటికీ మడతచోట కాగితం నలిగి, అంచులకు పసుపు చేతుల మరకలు అంటి ఉన్నవి. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నదో! అన్నీ ముద్రలతో పంపిన ఆ మొదటి కార్డు మాత్రం పంపిననాటి వలెనే కొత్తగా ఉన్నది.

ఇక మన పిల్లల సంగతి. ఉగాది తెల్లవారేసరికి మన ఫోనులలో నలభై బొమ్మలు దిగుతాయి, అందులో ముప్పై ఒకే బొమ్మ. అవి పంపడం తప్పని నేననను. కాని మన పిల్లలు ఇంట్లో తెలుగు గలగల మాట్లాడుతూ, రాయవలసి వచ్చేసరికి తల వంచుకుంటున్నారు. బడిలో కన్నడం, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, అది కావలసినదే. నా మనుమరాలు కన్నడ బడిలో చదువుతున్నది. కిందటి ఉగాదికి, "తాతా, పువ్వులన్నీ నేనే వేశాను, లోపల రాసేది నువ్వు రాయి" అన్నది. నేను రాయలేదు. "నీకు కన్నడ అక్షరాలు వచ్చునుగదా, తెలుగు అక్షరాలు వాటి అక్కచెల్లెళ్లే" అని పక్కన కూర్చుండబెట్టుకున్నాను. రెండు లిపులూ ఒక్క పాత లిపినుంచే విడివడినవి. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగులో చాలా అక్షరాలు చూడగానే తెలుస్తాయి, తలకట్టు తీరు మారిన కొన్నిటిని మాత్రం దిద్దించాలి. ఒక గంటలో సంవత్సరం పేరు, 'అమ్మమ్మకు' అన్న మాట, తన పేరు రాసింది. 'అమ్మమ్మ'లో మకారం కింద వత్తు మరచిపోయి, తరువాత కిందకు ఇరికించింది. ఆ తప్పును దిద్దవద్దని మా ఆవిడ అన్నది. దిద్దలేదు. అట్లాగే పంపాము. వియ్యపురాలు ఆ కార్డును దేవుడి అలమరలో పెట్టుకున్నదని తెలిసింది. మోదుగుపూవుకోసం కాదు, ఇరికించిన ఆ వత్తుకోసం.

ఇంకొక సంగతి కూడా మరువవద్దు. ఉగాది మన ఒక్కరిదే కాదు. పక్కింటి కన్నడంవారికీ అదే రోజు ఉగాది, అదే సంవత్సరం పేరు, వారి బేవు బెల్లంలో మన వేపపూవూ బెల్లమే. ఎదురింటి మరాఠీవారు అదేనాడు గుఢీ ఎత్తుతారు. వారికి వేసిన కార్డులలో లోపలి మాట పిల్లలచేత వారి భాషలోనే రాయించండి. పూవుకు భాష అక్కరలేదు గనుక అదే మూడు ముద్రలు సరిపోతాయి.

అమ్మలారా, అయ్యలారా, ఇప్పుడు టీ ఇస్తారని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఆ మూల బల్లమీద ముద్రలు, మూలమట్టం అట్ట, పసుపు ముద్ర వేసి ఆరబెట్టిన కార్డులు సిద్ధంగా పెట్టాను. పిల్లలు కుంకుమ, గీత వేసుకోవచ్చును. లోపల మాత్రం నేను ఏమీ వేయలేదు. ఖాళీగా విడిచిపెట్టాను. ఊరిలో ఉన్న అమ్మమ్మకో, మేనత్తకో, బాబాయికో ఆ ఖాళీ ఎవరికి చెందినదో వారి పేరు మీ పిల్లల చేత రాయించండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, వత్తు మరచినా ఫరవాలేదు. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు చెబుతూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.